ఎర్రనోరు

చలికాలపు తెల్లవారుజాము. అమెరికాలో ఐడహో రాష్ట్రం, స్నేక్ నది ఒడ్డున హేగర్‌మన్ లోయ. బూట్ల కింద మంచు కరకరలాడుతోంది, ఎదురుగా సిమెంటు కాలువల మీద మాత్రం ఆవిరి లేస్తోంది. పక్కనే నల్లటి బసాల్టు గోడలా కొండ. దాని చీలికల్లోంచి ఊటలు కిందికి దూకుతున్నాయి. ఎండాకాలమైనా చలికాలమైనా ఆ నీరు దాదాపు 15 డిగ్రీలే. రెయిన్‌బో ట్రౌట్‌ చేపకు ఇంతకన్నా మంచి చోటు దొరకదు. అమెరికాలో తిండి కోసం పెంచే ట్రౌట్‌లో సగానికి పైగా ఈ రాష్ట్రానిదే. చిక్కేమిటంటే, చేపకు నచ్చిన ఆ 15 డిగ్రీలు దాని శత్రువుకూ నచ్చుతాయి.

ఇక్కడ పొద్దున్నే మొదటి పని మేత వేయడం కాదు, చచ్చినవాటిని ఏరడం. కాలువ చివర అడ్డంగా పెట్టిన జాలీ దగ్గరికి పనివాడి వెంట నడవండి. ప్రవాహం తెచ్చి ఆనించినవన్నీ అక్కడే ఉంటాయి. చేతివలతో తీసి బకెట్లో వేస్తూ లెక్కపెడుతున్నాడు. మొన్న నాలుగు, నిన్న పదకొండు, ఇవాళ బకెట్ సగం నిండింది. అతను ఏమీ అనడు, పుస్తకంలో అంకె రాసి కింద గీత గీస్తాడు.

ఇప్పుడు గుప్పెడు మేత చల్లండి. కాలువ మధ్యలో నీరు ఒక్కసారిగా ఉడికినట్టు లేస్తుంది, వందల నోళ్లు పైకొస్తాయి. ఆ సందడిని వదిలేసి గోడవారగా చూడండి. నల్లబడిన చేపలు కొన్ని ప్రవాహానికి ఎదురీదడం మానేసి ఊరికే ఊగుతున్నాయి. మేత వాటి ముక్కు ముందునుంచే పోయినా కదలవు.

ఒకదాన్ని చేతిలోకి తీసుకోండి. వేలెడంత పిల్ల. కన్ను బయటికి పొడుచుకొచ్చింది, గుడ్డు చుట్టూ నెత్తురు. రెక్కల మొదళ్లు కందిపోయాయి. నోరు తెరిస్తే దవడ, అంగిలి ఎర్రగా ఉన్నాయి. పేరు ఎర్రనోరు రోగమే గాని, నోరు ఎర్రబడేంత వ్యవధి కూడా లేకుండా పోయేవీ ఉన్నాయి. పొట్ట కోస్తే కాలేయం మీద, గాలితిత్తి మీద సూదిమొన లాంటి నెత్తుటి చుక్కలు. ప్లీహం ఉబ్బి నల్లబడింది. వెనుకపేగు వాచి పసుపుపచ్చని చిక్కటి ద్రవంతో నిండి ఉంది. వెన్నెముకను అంటిపెట్టుకుని ఉన్న మూత్రపిండంలో సన్నటి తీగ గుచ్చి, దాన్ని అగార్ పళ్లెం మీద గీస్తారు. 22 డిగ్రీల దగ్గర రెండు రోజులుంచితే దోషి బయటపడుతుంది: యెర్సీనియా రకెరి. ప్లేగు బాక్టీరియాకు దాయాది. దీన్ని మొదట గుర్తించింది 1950లలో, ఈ లోయ చేపల్లోనే. చేపల రోగాలమీద పనిచేసిన రాబర్ట్ రకర్ పేరు 1978లో దానికి స్థిరపడింది.

అది నిన్న ఊడిపడలేదు. పోయినసారి రోగం నుంచి బతికి బయటపడ్డ చేపల వెనుకపేగుల్లో అది కాపురం ఉంటుంది. వాటి మలంతోపాటు అప్పుడప్పుడూ నీటిలోకి వస్తుంది. కాలువ గోడల జిగురు పొరలోనూ నిలుస్తుంది. చావులు మొదలయ్యాక కారణం వెతికితే కాస్త ముందు జరిగిన పని ఏదో కనిపిస్తుంది: సైజు వేరుచేయడానికి వలలో కుక్కడం, కిక్కిరిసిన కాలువ, తగ్గిన ఆక్సిజన్. చేప ఒత్తిడికి లోనైంది, బాక్టీరియాకు సందు దొరికింది. ఐదు నుంచి పది రోజుల్లో బకెట్ నిండడం మొదలవుతుంది.

మన కైకలూరు చేపల చెరువులో నీరు గట్ల మధ్య నిలిచి ఉంటుంది. ఇక్కడ ఆగదు. పై కాలువ వాడిన నీరే మెట్టు దిగి కింది కాలువకు, అక్కడినుంచి ఇంకో కాలువకు పోతుంది. పైన రోగం తగిలితే కిందివాటికి కబురు నీరే మోసుకెళ్తుంది.

మందు ఉంది. పశువైద్యుడి ఆదేశంతో ఆక్సీటెట్రాసైక్లిన్ లాంటి యాంటీబయాటిక్‌ను మేతలో కలిపి పెడతారు, ఆపైన నిర్ణీత గడువు దాటేదాకా ఆ చేపను అమ్మరు. కానీ గోడవారగా ఊగుతున్నవాటిని మళ్లీ చూడండి. అవి మేత తినవు. మేతలోని మందు వాటికి అందదు. ఆ ఖర్చంతా ఇంకా తినగలిగినవాటి కోసమే, వీటిని వదులుకున్నట్టే.

అందుకే నా దృష్టిలో అసలు వైద్యం పిల్లల షెడ్డులో జరుగుతుంది. అక్కడికి రండి. టబ్బులో ఒక లీటరు టీకా, తొమ్మిది లీటర్ల నీళ్లు. నాలుగైదు గ్రాముల పిల్లల్ని వలతో ఎత్తి ముప్పై సెకన్లు ముంచి తీస్తారు. సూది లేదు. టీకా మొప్పలు, చర్మం గుండా పనిచేస్తుంది. ఆ పది లీటర్లు వంద కిలోల పిల్లలకు సరిపోతాయి. అమెరికాలో 1976లో లైసెన్సు పొందిన మొదటి వాణిజ్య చేపల టీకా ఈ రోగానిదే. బకెట్లు తేలికపడింది మందుల వల్ల కన్నా దీనివల్లే.

బాక్టీరియా కూడా ఊరుకోలేదు. ఈదడానికి వాడే కొరడాతోకను వదిలేసిన రకం ఒకటి 1980లలో బ్రిటన్‌లోనూ, తర్వాత అమెరికాలోనూ టీకా వేసిన చేపల్ని పట్టుకుంది. దాన్నీ కలిపిన టీకా తర్వాత మార్కెట్లోకి వచ్చింది. ముంచే పద్ధతి మాత్రం మారలేదు.