ఫీజు కట్టినవాళ్లు, పూర్తి చేసినవాళ్లు

మా ఆపా కొడుకు ఒక దుకాణంలో హిసాబు చూస్తాడు. పోయిన ఏడాది రంజాన్ తర్వాత ఫోన్లో ఒక ఆన్‌లైన్ కోర్సులో చేరాడు, డేటా అనలిటిక్స్ అట. ఫీజు 40 వేలు, నెలనెలా కిస్తులు. మొదటి కిస్తు కోసం ఆపా ఉంగరం గిర్వీ పెట్టింది. నాలుగు నెలల తర్వాత చూస్తే కోర్సు 11 శాతం దగ్గర ఆగిపోయి ఉంది. "ఎందుకు ఆపేశావురా?" అని అడిగితే, "డౌట్ వస్తే చెప్పేవాళ్లు లేరు మామూ, వీడియో మళ్లీ చూడమంటారు" అన్నాడు. ఆపా మాత్రం అంతా వాడి కాహిలీ అంటుంది. నాకు అలా అనిపించలేదు. ఎందుకంటే ఈ కిస్సా 130 ఏళ్లకు పైగా పాతది.

దూరం నుంచి హునర్ నేర్పడం తపాలాతో మొదలైంది. 1840లో ఇంగ్లండ్‌లో ఒక పెన్నీకే ఉత్తరం దేశంలో ఎక్కడికైనా చేరే ఏర్పాటు వచ్చింది. అదే ఏడాది ఐజాక్ పిట్‌మన్ తన షార్ట్‌హ్యాండ్‌ను తపాలాలో నేర్పడం మొదలుపెట్టాడు. షాగిర్దులు సాధన చేసి రాసి పంపేవాళ్లు, ఆయన తప్పులు దిద్ది తిరిగి పంపేవాడు. ఇందులో అసలు సంగతి పాఠం పంపడం కాదు, దిద్దిన కాగితం తిరిగి రావడం. పాఠం కావాలంటే కితాబు కొనుక్కుంటే సరిపోయేది.

దీన్ని పెద్ద తిజారత్‌గా మార్చింది అమెరికాలోని పెన్సిల్వేనియా బొగ్గు గనుల ఇలాఖా. అక్కడ 1869లో అవాన్‌డేల్ గనిలో మంటలు రేగి 110 మంది చనిపోయారు. ఆ తర్వాత గనుల హిఫాజత్ కోసం కానూన్లు వచ్చాయి. 1885 నాటికి గని ఫోర్‌మన్ కావాలంటే ఇంతిహాన్ పాస్ కావాలన్నారు. పొద్దంతా భూమి కింద పనిచేసే మజ్దూర్ ఏ స్కూలుకు వెళ్లి చదువుతాడు? థామస్ ఫాస్టర్ అనే పత్రికా సంపాదకుడు గనుల మీద సవాల్-జవాబ్ శీర్షిక నడిపేవాడు. దాన్నే పెంచి 1891లో స్క్రాంటన్ పట్టణం నుంచి తపాలా కోర్సు మొదలుపెట్టాడు. చిన్న చిన్న పుస్తకాలు, ఒక్కోదాని చివర ప్రశ్నలు. జవాబులు రాసి పంపితే దిద్ది వెనక్కి పంపేవాళ్లు. నిజంగా మంచి పని. దాని వల్ల గని కూలీలు కొందరు ఫోర్‌మన్లయ్యారు.

తర్వాత అది ఇంటర్నేషనల్ కరస్పాండెన్స్ స్కూల్స్ అయింది. రైల్వే కంపెనీలతో ఒప్పందాలు చేసుకుంది, లక్షల మందిని చేర్చుకుంది. ఊరూరా తిరిగే ఏజెంట్లు కార్ఖానా గేట్ల దగ్గర, ఇళ్ల గడపల దగ్గర నిలబడి చేర్పించేవాళ్లు, కమీషన్ తీసుకునేవాళ్లు. ఫీజు కిస్తుల్లో కట్టొచ్చు. చేరినవాళ్లలో ఆఖరిదాకా వెళ్లినవాళ్లు చాలా కొద్దిమందే. 1926లో జాన్ నాఫ్‌సింగర్ ఇలాంటి తపాలా స్కూళ్లను పరిశీలించి రాసినప్పుడు ఈ ఏజెంట్ల పద్ధతినే గట్టిగా తప్పుపట్టాడు. ఒక్క క్షణం హిసాబు వేయండి. మధ్యలో మానేసినవాడి ఫీజు వచ్చేసింది, వాడి జవాబులు దిద్దే ఖర్చు మిగిలిపోయింది. ఓడిపోయిన షాగిర్దే లాభం తెచ్చే షాగిర్దు!

మన బాజార్లలో తాలీమ్ ఇలా ఉండేది కాదు. మోటారు షెడ్డులోనైనా, జరీ పనిలోనైనా, దర్జీ దుకాణంలోనైనా పిల్లాడిని ఉస్తాద్ దగ్గర కూర్చోబెట్టేవాళ్లు. దాన్ని నేను ఆకాశానికెత్తను. రెండేళ్లు చాయ్ తేవడం, ఊడ్వడం, తిట్లు, ఒక్కోసారి దెబ్బలు. కొందరు ఉస్తాద్‌లు ఆఖరి కిటుకు సొంత కొడుకుకే చెప్పేవాళ్లు. కానీ ఒకటి ఉండేది. షాగిర్దు కుట్టు వంకరగా వస్తే నష్టం ఉస్తాద్ దుకాణానికే, పేరు పోయేది ఉస్తాద్‌దే. అందుకే విప్పించి మళ్లీ కుట్టించేవాడు.

దూరం నుంచి చదువు చెప్పడంలోనూ మంచి రాస్తా ఉందని మన హైదరాబాదే చూపించింది. 1982 ఆగస్టులో, భవనం వెంకట్రామ్ ముఖ్యమంత్రిగా ఉన్నప్పుడు, ఆంధ్రప్రదేశ్ సార్వత్రిక విశ్వవిద్యాలయం మొదలైంది. దేశంలో అదే మొదటి ఓపెన్ యూనివర్సిటీ. తర్వాత దానికి డాక్టర్ బి.ఆర్. అంబేడ్కర్ పేరు పెట్టారు. మొదటి వైస్ ఛాన్సలర్ జి. రాంరెడ్డి. 1985లో ఢిల్లీలో ఇగ్నో మొదలైతే అక్కడా మొదటి వైస్ ఛాన్సలర్ ఆయనే. ఇంటర్ పాస్ కాకపోయినా ప్రవేశ పరీక్ష రాసి డిగ్రీలో చేరొచ్చన్నారు. కితాబులు ఇంటికి వచ్చేవి. అంతటితో వదిలేయలేదు. ఊళ్లలోని కాలేజీల్లో స్టడీ సెంటర్లు పెట్టి, సెలవు రోజుల్లో క్లాసులు నడిపారు. పెళ్లయ్యాక చదువు ఆగిపోయిన ఆడవాళ్లు, ఆఫీసు అటెండర్లు, కండక్టర్లు ఆ బెంచీల మీద కూర్చున్నారు. 1998లో వచ్చిన మౌలానా ఆజాద్ ఉర్దూ యూనివర్సిటీ కూడా మొదట దూరవిద్యతోనే పని మొదలుపెట్టింది. మన ఇళ్లల్లో ఎంతమంది ఖవాతీన్ దాని వల్ల డిగ్రీ చేశారో మీకే తెలుసు.

ఇక అమీర్‌పేట. కిక్కిరిసిన గదులు, గోడల నిండా పోస్టర్లు. ఎన్ని ఎగతాళి మాటలన్నా, అక్కడ పక్క కుర్చీలో ఇంకొకడు ఉండేవాడు. అర్థం కానిది రూములో వాడు చెప్పేవాడు.

2011లో స్టాన్‌ఫర్డ్ నుంచి సెబాస్టియన్ థ్రన్, పీటర్ నార్విగ్ కృత్రిమ మేధ కోర్సును ఇంటర్నెట్‌లో ముఫ్త్‌గా పెడితే దాదాపు 1,60,000 మంది చేరారు. దునియా అంతా హైరాన్. ఇక యూనివర్సిటీల పని ఖతం అన్నవాళ్లూ ఉన్నారు. పూర్తి చేసినవాళ్లు 23 వేల దగ్గర. నిజానికి అది మంచి లెక్క, తర్వాత వచ్చిన చాలా కోర్సుల్లో నూటికి పది మంది కూడా మిగల్లేదు. 2012లో కోర్సెరా, ఉడాసిటీ, ఎడెక్స్ అన్నీ కనిపించాయి. 2021లో ఎడెక్స్‌ను 80 కోట్ల డాలర్లకు కొన్న 2యూ కంపెనీ 2024లో దివాలా పిటిషన్ వేసింది. మన దేశంలో ఒకప్పుడు 2,200 కోట్ల డాలర్ల విలువ కట్టిన బైజూస్ కూడా అదే ఏడాది దివాలా విచారణకు వెళ్లింది.

ఇప్పుడు మళ్లీ కొత్త వాదా వినిపిస్తోంది. కంపెనీలు తమ ఉద్యోగులకు ఇచ్చే తాలీమ్ అంతా ఏఐ చూసుకుంటుందట, ఒక్కొక్కరికీ ఒక్కో ఉస్తాద్ అట. నేను దీన్ని కొట్టిపారేయను. పిట్‌మన్ ఉత్తరంలో దిద్ది పంపినది ఇప్పుడు క్షణంలో వస్తే అది చిన్న విషయం కాదు, గరీబు పిల్లాడికి పెద్ద నేమతే. కానీ తెర మూసేసి వెళ్లిపోయినవాడి కోసం ఎవరు వెతుకుతారు? వాడి ఫీజు స్క్రాంటన్‌లోలాగే ముందే వచ్చేసి ఉంటే, వెతకాల్సిన గర్జ్ ఎవరికి?

మా భాంజా సంగతి చెప్పి ఆపుతాను. మొహల్లాలో ఒక రిటైర్డ్ అకౌంట్స్ సాబ్ ఉన్నారు. ప్రతి ఆదివారం అసర్ తర్వాత వాడి షీట్లు చూడటానికి ఒప్పుకున్నారు. ఫీజు అడగలేదు, టైముకు రాకపోతే మాత్రం తలుపు తీయనన్నారు. పోయిన వారం 12 తప్పులకు గీతలు గీసి ఇచ్చారట. రాత్రి 11 దాకా వాటి మీదే కూర్చున్నాడని ఆపా ఫోన్ చేసి చెప్పింది. కోర్సు ఇప్పుడు 34 శాతం దగ్గర ఉంది. కిస్తులు ఇంకా ఏడు ఉన్నాయి, ఉంగరం ఇంకా సేఠ్ దగ్గరే ఉంది.