రాత్రి నవ్వు, పొద్దుటి తొహ్మత్

"రాత్ కీ బాత్ సుబహ్ తక్ దస్ గునా" అనేది మా అమ్మీ. రాత్రి మాట తెల్లారేసరికి పదింతలవుతుందని. మొన్న నా బేటీతో కలిసి 1927 నాటి అమెరికన్ మూకీ కామెడీ ‘ఇట్’ చూస్తుంటే ఆ మాట యాదికొచ్చింది.

న్యూయార్క్‌లో ఒక పెద్ద దుకాణం. అందులో సామాన్లమ్మే గరీబ్ పిల్ల బెట్టీ లూ. ఆ వేషం వేసింది క్లారా బో. దుకాణం మాలిక్ మీద దిల్ పారేసుకుంటుంది. ఆయన కంట పడాలని రాత్రి రిట్జ్ హోటల్‌కు బయల్దేరుతుంది. మంచి లిబాస్ లేదు. పనికి వేసుకెళ్లిన గౌనునే కత్తెరతో కోసి, తోటి పిల్ల సాయంతో షోకుగా మార్చుకుంటుంది. తర్వాత మాలిక్‌ను కోనీ ఐలాండ్ జాతరకు లాక్కెళ్లి, జారుడు బల్లల మీద జార్పిస్తుంది.

ఈ నవ్వు వెనుక తారీఖ్ ఉంది. మొదటి ప్రపంచ యుద్ధం తర్వాతి ఆ జమానాలో అమెరికా ఆడపిల్లలు దుకాణాల్లో, ఆఫీసుల్లో, టెలిఫోన్ ఎక్స్‌చేంజీల్లో కొలువులకు పోతున్నారు. 1920లో ఓటు హక్కూ వచ్చింది. పగలు తలబ్ సంపాదించిన పిల్ల సాయంత్రం తనదే అంది. మన బొంబాయిలోనూ 1926లోనే సులోచన ‘టైపిస్ట్ గర్ల్’ అయింది. కొలువు పేరే సినిమా పేరైంది.

అయితే రాత్రికి ఖీమత్ ఉంది. బెట్టీతో ఉండే పిల్లకు పెళ్లికాకుండా పుట్టిన బచ్చా. సేవ పేరుతో వచ్చిన ఖవాతీన్ ఆ బిడ్డను పట్టుకుపోబోతే, ‘నా బిడ్డే’ అని బెట్టీ తన మీద వేసుకుంటుంది. ఓ రిపోర్టర్ కూడా అక్కడే ఉంటాడు. మాట మాలిక్ చెవికి చేరుతుంది. ఆయన నమ్మేస్తాడు.

అసలు జిందగీలోనూ క్లారా బోకు అదే జరిగింది. 1931లో పాత సెక్రెటరీ మీద నడిచిన కేసులో ఆమె సొంత సంగతులన్నీ అఖ్బార్లకెక్కాయి. ఒక గాసిప్ పత్రిక బుహ్తాన్ అచ్చేసింది. ఆమె ఆరోగ్యం దెబ్బతింది. 1933లో, 28 ఏళ్లకే, సినిమాలు మానేసింది.

పాక్‌దామన్ ఔరతుల మీద తొహ్మత్ వేసి నలుగురు గవాహులను తేలేనివాడికి 80 కొరడా దెబ్బలంటుంది సూరె నూర్. చిన్నప్పుడు మదర్సాలో చదివిందే. అయినా కొత్తగా నైట్ డ్యూటీ చేస్తున్న రోజుల్లో, ఒక హోటల్లో పట్టుబడ్డ అమ్మాయిల ఖబర్‌ను ఫోన్లో చెప్పింది చెప్పినట్టు రాశాను. తోటి ఉద్యోగిని ప్రమోషన్ దావత్‌కు వచ్చిన పిల్లలని తర్వాత తెలిసింది. ఒకమ్మాయి మంగ్నీ అప్పటికే తెగిపోయింది. మూడో రోజు నాలుగు లైన్ల సవరణ వేశాం. ఎవరు చదివారో ఖుదాకే తెలుసు.

సినిమా అయ్యాక బేటీ అడిగింది: "అబ్బూ, ఆ మాలిక్ నమ్మేముందు ఆమెను ఒక్కసారైనా అడగలేదెందుకు?"

నేనూ అడగలేదు బేటా.