ఓరుగల్లు నుంచి బెజవాడకు: ఒకనాటి సరిహద్దు ప్రయాణం

ఖమ్మం జిల్లా 1953లో విడివడేదాకా వరంగల్ జిల్లా నిజాం రాజ్యపు తూర్పు అంచు వరకు విస్తరించి ఉండేది. దాన్ని దాటితే బ్రిటిష్ పాలనలోని కృష్ణా జిల్లా. వరంగల్ రైలు మార్గం 1889లో బెజవాడ చేరడంతో రాకపోకలు సులువైనా, ప్రయాణికుడు తెలుగు నేలమీదనే తిరుగుతూ వేరే రాజ్యంలో అడుగుపెట్టినట్లే లెక్క.

అన్నిటికన్నా ముందు చూసుకోవలసింది డబ్బు. నిజాం నాణెమైన హాలీ సిక్కా ఏడు రూపాయలకు, కల్దార్ అని పిలిచే బ్రిటిష్ రూపాయలు సుమారు ఆరే వచ్చేవి కనుక, మారకం తెలియని పల్లెటూరి మనిషి నష్టపోయే అవకాశం ఎక్కువ. తరువాతిది కరోడ్గిరి, అంటే సరిహద్దు దాటే సరుకుపై నిజాం ప్రభుత్వం వసూలు చేసిన సుంకం. నాకా దగ్గర, అనగా తనిఖీ స్థానం వద్ద, మూటలు విప్పి చూపక తప్పేది కాదు. ఒకే భాష మాట్లాడే బంధువుల మధ్య ఇట్టి అడ్డుగోడ నిలవడం అన్యాయమే. మునగాల పరగణా మరింత విచిత్రం: చుట్టూ నిజాం రాజ్యమే ఉన్నా అది కృష్ణా జిల్లాకు చెందినది కావడంతో, కొద్ది మైళ్ల నడకలోనే చట్టమూ నాణెమూ రెండుసార్లు మారేవి.

1947-48లో నిజాం పాలనకు మద్దతుగా నిలిచిన సాయుధ దళమైన రజాకార్ల దాడుల వల్ల ఈ దారి ప్రాణభయంతో నిండి, ఎన్నో కుటుంబాలు తలదాచుకోవడానికే ఎల్లలు దాటాయి. 1948 సెప్టెంబరులో హైదరాబాదు భారత్‌లో కలిసింది; హాలీ సిక్కా చెలామణి మాత్రం 1959 వరకు పూర్తిగా ఆగలేదు.