అన్నం మానినవారి కొలెస్ట్రాల్ నివేదిక: ఒక చరిత్ర

2018 ప్రాంతంలో కామారెడ్డి, ఎల్లారెడ్డి పట్టణాల రక్తపరీక్షా కేంద్రాల నుండి ఒక విచిత్రమైన నివేదిక తరచుగా కనబడసాగింది. చక్కెర బాగా తగ్గి ఉండేది. ట్రైగ్లిజరైడ్లు సగానికి పడిపోయి ఉండేవి. బరువు ఎనిమిదో పదో కిలోలు దిగి ఉండేది. కాని ఎల్‌డీఎల్ కొలెస్ట్రాల్ ఎదురుగా మాత్రం రెండు వందలు దాటిన అంకె, దాని పక్కన ఒక నక్షత్రం గుర్తు. ఆ కాగితం పట్టుకొని తిరిగినవారికి రెండు రకాల తీర్పులు దొరికేవి. ఆహార నియమం పాటిస్తున్న మిత్రులు 'అది మంచి కొవ్వు, భయం లేదు' అనేవారు. వైద్యులలో కొందరు కాగితం పూర్తిగా చూడకుండానే 'ఈ పిచ్చి తిండి మానేయండి' అని కసిరేవారు. ఆ నివేదికను చదవాలంటే అందులోని ఒక్కొక్క వరుస ఎక్కడినుండి వచ్చిందో, ఆ మనిషి కంచంలోకి అన్నం ఎప్పుడు వచ్చిందో కొంత తెలియాలి.

కంచంతోనే మొదలుపెడదాం. మన ప్రాంతం మొదటినుండీ వరి సీమ కాదు. జొన్నరొట్టె, జొన్న గట్క, మక్క గట్క, అంబలి, పప్పు, పచ్చిపులుసు, ఇవి సామాన్యుని భోజనం. వరి అన్నం పండుగనాడో చుట్టం వచ్చిననాడో వండేవారు. 1922 నాటికి పోచారం చెరువు పూర్తయి నాగిరెడ్డిపేట, ఎల్లారెడ్డి పొలాలకు నీరు వచ్చింది. 1923లో మంజీర నదిపై నిజాంసాగర్ నిర్మాణం మొదలై 1931లో ముగిసింది. ఏడవ నిజాం మీర్ ఉస్మాన్ అలీఖాన్ కాలంలో నవాబ్ అలీ నవాజ్ జంగ్ అనే ఇంజనీరు పర్యవేక్షణలో జరిగిన పని అది. ఆ కాలువల క్రింద వరి, చెరకు విస్తరించాయి. 1937లో బోధన్ దగ్గర శక్కర్‌నగర్‌లో నిజాం చక్కెర కర్మాగారం వెలిసింది. కామారెడ్డి బెల్లం అంగడి పేరుమోసింది. కాలువ అందని మెట్టభూములకు తరువాతి కాలంలో బోరుబావులు వచ్చాయి. 1983లో ఎన్.టి. రామారావు గారి ప్రభుత్వం కిలో రెండు రూపాయల బియ్యం ఇచ్చింది. 2015 జనవరి నుండి తెలంగాణలో మనిషికి నెలకు ఆరు కిలోలు, కిలో ఒక్క రూపాయికి ఇచ్చేవారు. 2025 ఉగాదినాడు సన్నబియ్యం పంపిణీ ఆరంభమైంది. ఆకలి తీర్చిన ఈ పనులను తప్పుపట్టే హక్కు కడుపునిండినవారికి లేదు. అయితే మూడు తరాలలో పండుగ అన్నం మూడు పూటల అన్నమైంది. అదే మూడు తరాలలో నాగలి పోయి ట్రాక్టరు, రోకలి పోయి మిల్లు, నడక పోయి మోటారు సైకిలు వచ్చాయి.

జొన్న తిన్నవారు పిండిపదార్థాలు తినలేదని కొందరు వ్రాస్తున్నారు. అది సరికాదు. జొన్నలోనూ బరువులో సుమారు డెబ్బై శాతం పిండిపదార్థమే. తేడా అంతా పీచులోను, తిన్న పరిమాణంలోను, తిన్నాక చేసిన చాకిరిలోను ఉంది. నేను ఉద్యోగంలో చేరిన రోజుల్లో తాలూకా ఆసుపత్రిలో మధుమేహ పరీక్ష అంటే గాజునాళికలో బెనెడిక్ట్ ద్రావణం పోసి, మూత్రం చుక్కలు వేసి, స్పిరిట్ దీపంపై కాచి రంగు చూడటమే. ఇటుక రంగు వచ్చిన నాళిక అరుదు. కొలెస్ట్రాల్ పరీక్ష ఊసే లేదు.

ఈ మార్పు మన రక్తంలో ఎటువంటి ముద్ర వేసిందో భారత వైద్య పరిశోధనా మండలి జరిపిన 'ఇండియాబ్' సర్వేలో కనబడుతుంది. తమిళనాడు, మహారాష్ట్ర, జార్ఖండ్, చండీగఢ్‌లలో జరిగిన తొలి దశ ఫలితాలు 2014లో వెలువడ్డాయి. హెచ్‌డీఎల్ తక్కువగా ఉన్నవారు 72.3 శాతం, ట్రైగ్లిజరైడ్లు ఎక్కువగా ఉన్నవారు 29.5 శాతం, ఎల్‌డీఎల్ ఎక్కువగా ఉన్నవారు 11.8 శాతం. తెలంగాణ అందులో లేదు. కాని నేను ఇక్కడ చూసిన నివేదికల తీరు కూడా ఇదే. పొట్ట చుట్టూ కొవ్వు, అన్నం దండిగా, శ్రమ తక్కువ అయినప్పుడు కాలేయం మిగులు పిండిపదార్థాన్ని ట్రైగ్లిజరైడ్లుగా మార్చి రక్తంలోకి వదులుతుంది. హెచ్‌డీఎల్ తరుగుతుంది. పిండిపదార్థాలు తగ్గించగానే మొదట బాగుపడేవి ఈ రెండు వరుసలే. ఆ మేలు నిజమైనదే, దాన్ని కాదనే వైద్యుణ్ణి రోగి నమ్మడు.

పిండిపదార్థాలు మానే వైద్యమూ నిన్నటిది కాదు. 1863లో లండన్‌లో విలియం బాంటింగ్ అనే శవపేటికల వ్యాపారి, రొట్టె, చక్కెర, బంగాళాదుంప మాని సన్నబడ్డ వైనాన్ని చిన్న పుస్తకంగా అచ్చువేయించాడు. 1921లో అమెరికాలోని మేయో క్లినిక్‌కు చెందిన రస్సెల్ వైల్డర్, మూర్ఛ రోగులకు కొవ్వు ప్రధానమైన ఆహారాన్ని సూచించి దానికి 'కీటోజెనిక్' అని పేరుపెట్టాడు. 1972లో రాబర్ట్ అట్కిన్స్ పుస్తకం వచ్చింది. తెలుగు నేలమీద ఇది ఇంటింటి మాట కావడం మాత్రం వీరమాచినేని రామకృష్ణ గారి ప్రచారం తరువాతే. ఆయన వైద్యులు కారు. రోజుకు డెబ్బై నుండి వంద గ్రాముల కొవ్వు, నాలుగు లీటర్ల నీరు, మూడు నిమ్మకాయలు, విటమిన్ మాత్ర అనేవి ఆ పద్ధతికి మూలస్తంభాలు. సభలకు వేలమంది వచ్చారు, టీవీ చర్చల్లో వైద్యులు ఆక్షేపించారు. మన జిల్లాలో జరిగిన వింత ఏమంటే, తలకు రాసుకోవడమే తప్ప వంటకు ఎన్నడూ వాడని కొబ్బరినూనె కిరాణా దుకాణాలలో వంటనూనెల వరుసలోకి ఎక్కింది. మనవి పల్లినూనె, నువ్వులనూనె, కుసుమనూనె.

ఇక నివేదిక. అట్కిన్స్ పుస్తకం వచ్చిన ఆ 1972లోనే ఫ్రీడ్‌వాల్డ్, లెవీ, ఫ్రెడ్రిక్‌సన్ అనే ముగ్గురు ఒక చిన్న లెక్క ప్రచురించారు. మొత్తం కొలెస్ట్రాల్‌లో నుండి హెచ్‌డీఎల్‌ను, ట్రైగ్లిజరైడ్లలో అయిదోవంతును తీసివేస్తే మిగిలేది ఎల్‌డీఎల్. చిన్న పట్టణాల నివేదికలలో ఎల్‌డీఎల్ అంకె చాలావరకు ఇలా గణించినదే. ట్రైగ్లిజరైడ్లు నాలుగు వందలు దాటితే ఈ లెక్క పనికిరాదు. మరీ తక్కువగా ఉన్నప్పుడు ఎల్‌డీఎల్‌ను కొద్దిగా ఎక్కువ చేసి చూపుతుంది. ఈ చిన్న దోషాన్ని పట్టుకొని 'మీ ఎల్‌డీఎల్ అబద్ధం' అని చెప్పేవారున్నారు. తేడా కొద్ది మిల్లీగ్రాములే. 240ని అది 120 చేయదు. అనుమానముంటే నేరుగా కొలిచే పరీక్ష ఉంది, అపోబీ పరీక్ష ఉంది. రక్తనాళపు గోడలో చేరగల కొవ్వు రేణువు ప్రతిదానిపై ఒక్కొక్క అపోబీ ఉంటుంది కనుక అది రేణువుల లెక్కను చెబుతుంది. అదీ కుదరకపోతే మొత్తం కొలెస్ట్రాల్‌లో నుండి హెచ్‌డీఎల్ తీసివేయండి. ఈ 'నాన్ హెచ్‌డీఎల్' అంకెకు పరగడుపు కూడా అవసరం లేదు.

ఆ అంకెకు భయపడటం ఎందుకు? 1913లో రష్యాలో నికొలాయ్ అనిచ్‌కోవ్ కుందేళ్ళకు కొలెస్ట్రాల్ తినిపించి వాటి ధమనులలో పూడిక రప్పించాడు. కుందేలు శాకాహారి, మనిషికి ఆ ప్రయోగం వర్తించదన్నారు. ఆ ఆక్షేపణలో న్యాయముంది. 1948లో ఫ్రామింగ్‌హామ్ పట్టణ ప్రజలపై మొదలైన దీర్ఘ పరిశీలన మనుషులలోనే సంబంధాన్ని చూపింది. అయినా సంబంధం వేరు, కారణం వేరు. ఆ చిక్కుముడిని విప్పినవారు మైకేల్ బ్రౌన్, జోసెఫ్ గోల్డ్‌స్టీన్. రక్తంలోని ఎల్‌డీఎల్‌ను కాలేయంలోకి లాక్కునే గ్రాహకాలను వారు కనుగొన్నారు, 1985లో నోబెల్ బహుమతి పొందారు. పుట్టుకతో ఆ గ్రాహకాలు లేని పిల్లలకు స్థూలకాయం ఉండదు, మధుమేహం ఉండదు, బీడీ చుట్ట ఉండవు. ఎల్‌డీఎల్ ఒక్కటే విపరీతంగా ఉంటుంది. చికిత్స లేకుంటే వారికి ఇరవై ఏళ్ళు నిండకుండానే గుండెపోటు రావచ్చు. 'ట్రైగ్లిజరైడ్లు తక్కువైతే ఎల్‌డీఎల్ ఎంతున్నా ప్రమాదం లేదు' అనే వాదాన్ని నేను అంగీకరించకపోవడానికి ఆ పిల్లలే కారణం.

అన్నం మాని కొవ్వు పెంచినవారిలో ఎల్‌డీఎల్ పెరగడానికి కారణం ఒకటే ఉండదు. కొబ్బరినూనెలో దాదాపు తొంభై శాతం సంతృప్త కొవ్వు. అది కాలేయంలో ఆ గ్రాహకాల పనిని మందగింపజేస్తుంది. బరువు వేగంగా దిగుతున్న నెలల్లో కరుగుతున్న కొవ్వులోని కొలెస్ట్రాల్ రక్తంలోకి వస్తుంది, కనుక ఆ మధ్యలో చేసిన పరీక్ష తాత్కాలికంగా ఎక్కువ చూపవచ్చు. ముందే సన్నగా ఉండి పిండిపదార్థాలు దాదాపు పూర్తిగా మానినవారిలో కొందరికి అది విపరీతంగా పెరుగుతుంది. థైరాయిడ్ మందగించినా పెరుగుతుంది. అన్నిటికన్నా తరచుగా మనం మరచిపోయే కారణం, మానేసిన మాత్ర.

ఎల్లారెడ్డి దగ్గరి ఊరి కిరాణా వ్యాపారి ఒకరు, 54 ఏళ్ళవారు, నాలుగు నెలల ఆహార నియమం తరువాత తెచ్చిన కాగితాలు ఇందుకు మంచి పాఠం. నియమానికి ముందు మొత్తం కొలెస్ట్రాల్ 204, ట్రైగ్లిజరైడ్లు 240, హెచ్‌డీఎల్ 34, ఎల్‌డీఎల్ 122. తరువాత వరుసగా 304, 90, 46, 240. మూడు నెలల సగటు చక్కెర 8.4 నుండి 6.3కు దిగింది. 'డాక్టర్ సాబ్, షుగరు దిగింది గదా, ఇగ గోలీలన్నీ బంద్ వెట్టిన' అన్నారు. ఆ 'అన్నీ'లో అటోర్వాస్టాటిన్ పది మిల్లీగ్రాములు కూడా ఉంది. ఆ మోతాదు ఎల్‌డీఎల్‌ను మూడోవంతుకు పైగా తగ్గిస్తుంది. అంటే పాత కాగితంలోని 122 మాత్ర పుణ్యమే, అది లేకుంటే 190 దరిదాపుల్లో ఉండేది. 122 నుండి 240కి జరిగిన పెరుగుదలలో సగానికి పైగా మాత్ర మానడం వల్ల, మిగతాది కొబ్బరినూనె వల్ల, ఇంకా దిగుతున్న బరువు వల్ల. 'డైట్ వల్ల కొలెస్ట్రాల్ రెట్టింపైంది' అన్న కసురూ తప్పే, 'మంచి కొవ్వు' అన్న ఓదార్పూ తప్పే.

కొలెస్ట్రాల్ మాత్ర వంశవృక్షం కూడా మన చద్దికుండకు దూరమైనది కాదు. జపాన్‌లో అకిరా ఎండో అనే శాస్త్రవేత్త 1973లో బూజు నుండి తొలి స్టాటిన్‌ను తీశాడు. 1987లో అమెరికాలో లోవాస్టాటిన్‌కు అనుమతి వచ్చింది. అదీ బూజు నుండి వచ్చినదే. మధుమేహం ఉండి నలభై దాటినవారికి చక్కెర అదుపులో ఉన్నా స్టాటిన్ సలహా ఇస్తారు. చక్కెర మాత్రల విషయం వేరు. పిండిపదార్థాలు తగ్గించినప్పుడు గ్లిమెపిరైడ్ వంటి మాత్రలను, ఇన్సులిన్‌ను వైద్యుని పర్యవేక్షణలో మొదటి రోజునుండే తగ్గించాలి, లేకుంటే చక్కెర పడిపోయి స్పృహ తప్పవచ్చు. డాపాగ్లిఫ్లోజిన్ రకం మాత్రలు వాడుతూ పూర్తిగా అన్నం మానితే, చక్కెర మామూలుగా కనిపిస్తూనే రక్తం ఆమ్లమయం కావచ్చు. అది ప్రాణాంతకం. ఇక గుండెకు స్టెంటు పడినవారు స్టాటిన్ మానడం ఎట్టి పరిస్థితిలోనూ కూడదు. వారి ఎల్‌డీఎల్ 70 లోపు, అనేకులకు 55 లోపు ఉండాలంటారు. స్టెంటు లేకున్నా 190 దాటి నిలకడగా ఉన్న అంకెకు ఆహార సిద్ధాంతం ఏదైనా చికిత్స కావాలి.

ఆ వ్యాపారిని అన్నం తినమని నేను ఒత్తిడి చేయలేదు. కొబ్బరినూనె తీసివేసి పల్లినూనె కొలతగా వాడమన్నాను. నెయ్యి రోజుకు ఒక చెంచాకు దించాము. పప్పు, ఆకుకూరలు, రాత్రిపూట ఒక జొన్నరొట్టె తిరిగి వచ్చాయి. థైరాయిడ్ పరీక్ష మామూలుగానే ఉంది. స్టాటిన్ పాత మోతాదులోనే మళ్ళీ మొదలుపెట్టించి, బరువు కదలకుండా రెండు నెలలు నిలిచాక రక్తం ఇవ్వమన్నాను. మొత్తం 176, ట్రైగ్లిజరైడ్లు 110, హెచ్‌డీఎల్ 48, ఎల్‌డీఎల్ 106 వచ్చాయి. మధుమేహం ఉన్నవారికి అది ఇంకా ఎక్కువే. మాత్రను ఇరవై మిల్లీగ్రాములకు పెంచి, మూడు నెలల తరువాత పాత కాగితాలన్నిటితో రమ్మన్నాను.