యంత్రశాల నుండి నిర్వహణ విద్యాలయమునకు

పరాంధ్ర ప్రదేశములలో తరతరములుగా స్థిరపడిన మన తెలుగు కుటుంబములలో ఇంజనీరింగు విద్యకు గల గౌరవము అందరికి తెలిసినదే. బళ్ళారిలో గాని, హోసూరులో గాని, బరంపురములో గాని, షోలాపూరులో గాని, యానాములో గాని, కుమారుడో కుమార్తెయో ఇంజనీరు పట్టము పొంది ఉద్యోగమున చేరినచో తల్లిదండ్రులు తమ బాధ్యత చాలవరకు తీరినదని సంతోషింతురు. ఆ బిడ్డయే నాలుగైదు సంవత్సరములు పని చేసిన పిమ్మట, ఉద్యోగము విడిచి మేనేజిమెంటు విద్యాలయమునకు దరఖాస్తు పెట్టెదనన్నప్పుడు ఇంట కలవరము కలుగుట సహజము. నెల జీతము పోవును. ఫీజునకు అప్పు చేయవలసివచ్చును. అన్నిటికి మించి, కష్టపడి నేర్చిన విద్య వృథా యగునేమో యను భయము. "అడుసు త్రొక్కనేల, కాలు కడుగనేల" అని పెద్దలందురు. ఈ కడపటి భయమునకు చరిత్ర ఏమి సమాధానము చెప్పుచున్నదో పాఠకుల యెదుట ఉంచుట మా ముఖ్యోద్దేశము.

నిర్వహణ శాస్త్రము వర్తకుల అంగళ్ళలో పుట్టినదని సామాన్యముగా తలంతురు. వ్యాపారవిద్యకు కళాశాల లేర్పడుట యందు వర్తకుల ధనము తోడ్పడినమాట నిజము. అమెరికాలో 1881వ సంవత్సరమున వార్టన్ విద్యాలయము అట్లే వెలసినది. కాని ఆ శాస్త్రమునకు ప్రాణమైన ప్రశ్నలు యంత్రశాలలోనే పుట్టినవి. 1886వ సంవత్సరమున షికాగోలో జరిగిన అమెరికా మెకానికల్ ఇంజనీర్ల సభలో హెన్రీ టౌన్ అను తాళముల కర్మాగారాధిపతి ఒక వ్యాసము చదివెను. కర్మాగార నిర్వహణము ఇంజనీరింగుతో సమానమైన ప్రాముఖ్యము గలది. అయినను ఆ విషయమున ఒకరి యనుభవము మరియొకరికి తెలియు మార్గము లేదు. దానిని ఇంజనీర్లే చేపట్టవలెను, అని ఆయన వాదము. యంత్రము నిర్మించినవాడే దాని ఖర్చును, దానిపై పని చేయువారి కూలిని గూర్చి కూడ ఆలోచింపవలెనని దీని తాత్పర్యము.

ఈ మార్గమున చాల దూరము నడచినవాడు ఫ్రెడరిక్ టేలర్. పనిముట్టు పట్టి యంత్రశాలలో పని నేర్చిన ఈయన మిడ్‌వేల్ ఉక్కు కర్మాగారమున చేరి, క్రమముగా మేస్త్రీయై, ఇంజనీరై, పనివాని ప్రతి కదలికను గడియారముతో కొలిచెను. 1911వ సంవత్సరమున ఆయన శాస్త్రీయ నిర్వహణ సూత్రములను గ్రంథముగా వెలువరించెను. ఆ సంవత్సరముననే వాటర్‌టౌన్ ప్రభుత్వ ఆయుధ కర్మాగారములో పోతపనివారు ఈ గడియారపు కొలతలను నిరసించి పని మానిరి. అమెరికా ప్రతినిధి సభ విచారణ సంఘమును నియమించినది. లోహమును కొలిచినట్లు మనిషిని కొలువరాదను పాఠము ఇంజనీర్లకు ఇట్లు తెలిసివచ్చినది.

ఆ పాఠమునకు పూరకములైన సంగతులు మరి రెండు కలవు. ఫ్రాన్సు దేశమున హెన్రీ ఫాయోల్ గని ఇంజనీరుగా చేరి, 1888వ సంవత్సరమున దివాలా స్థితిలో నున్న గనుల సంస్థకు అధిపతియై దానిని నిలబెట్టెను. సంస్థ బాగుపడినది తన సాంకేతిక జ్ఞానముచే గాక, ప్రణాళిక, వ్యవస్థీకరణము, సమన్వయము మొదలగు నిర్వహణ ధర్మములచేనని ఆయన 1916వ సంవత్సరమున వ్రాసి, వీనిని పాఠశాలలలో నేర్పవలెనని కోరెను. ఇక షికాగో చెంతనున్న హాథార్న్ కర్మాగారములో 1924వ సంవత్సరమున దీపముల వెలుతురునకు, పని పరిమాణమునకు గల సంబంధమును పరీక్షింపబూనిరి. వెలుతురు లెక్కతో ఆ ఫలితములను వివరింప వీలుకాలేదు. 1932 వరకు సాగిన ఆ పరిశోధనల వలన పనివారి పరస్పర సంబంధములు, వారికి లభించు ఆదరణ ఉత్పత్తిపై ప్రభావము చూపునను విషయము చర్చకు వచ్చినది. దీపములతో ఆరంభమైన పరీక్ష మనుష్యులను గూర్చిన శాస్త్రముగా మారినది.

విద్యాలయముల చరిత్రయు ఇదే దారిని నడచినది. హార్వర్డు వ్యాపార విద్యాలయము 1908వ సంవత్సరమున ఆరంభమైనది. మసాచుసెట్స్ సాంకేతిక విద్యాలయము 1914వ సంవత్సరమున ఇంజనీరింగు నిర్వహణ పాఠ్యక్రమమును నెలకొల్పినది. ఆ సంస్థలోనే 1952లో వెలసిన నిర్వహణ విద్యాలయమునకు తరువాత ఆల్‌ఫ్రెడ్ స్లోన్ పేరు పెట్టిరి. జనరల్ మోటార్స్ అధిపతియైన స్లోన్ అచ్చటనే 1895వ సంవత్సరమున విద్యుత్ ఇంజనీరు పట్టము పొందినవాడు. దరఖాస్తుదారులను ఒకే కొలతతో పరీక్షించుటకై తొమ్మిది విద్యాలయములు 1953లో చేసిన యోచన ఫలితమే నేడు జీమ్యాట్ అను పేర ప్రసిద్ధమైన పరీక్ష.

మన దేశమున 1949లో జంషెడ్‌పూరు ఉక్కు నగరములో ఎక్స్.ఎల్.ఆర్.ఐ., 1956లో హైదరాబాదు నగరములో అడ్మినిస్ట్రేటివ్ స్టాఫ్ కాలేజి ఏర్పడినవి. 1961వ సంవత్సరమున కలకత్తాలోను, అహమదాబాదులోను భారత మేనేజిమెంటు సంస్థలు వెలసినవి. అహమదాబాదు సంస్థకు మూలపురుషులలో నొకరైన విక్రమ్ సారాభాయి భౌతిక శాస్త్రజ్ఞుడు. ఆయన అంతకు పూర్వమే జౌళి మిల్లులకై స్థాపింపబడిన అటీరా పరిశోధన సంస్థను నడపెను. అచ్చట మిల్లు పనివారి మనస్తత్వమును పరిశోధించిన కమలా చౌదరి గారు అహమదాబాదు సంస్థకు తొలి అధ్యాపకులలో నొకరైరి. బొంబాయిలో 1963వ సంవత్సరమున పారిశ్రామిక ఇంజనీరింగు శిక్షణకై నెలకొల్పిన సంస్థ 2023లో భారత మేనేజిమెంటు సంస్థగా రూపొందినది. యంత్రశాల విద్య ఎచ్చటికి చేరునో ఈ యొక్క సంస్థ చరిత్రయే చెప్పుచున్నది.

మన సమాజమునకు మరింత సమీపమైన ఉదాహరణము కోయంబత్తూరులో కలదు. పీళమేడున తరతరములుగా స్థిరపడి, ఇంట తెలుగు మాటలాడు పి.యస్. గోవిందస్వామి నాయుడు గారి కుమారులు నలుగురు 1926వ సంవత్సరమున తమ ఆస్తిలో భాగముతో ధర్మసంస్థను ఏర్పరచిరి. దాని పక్షమున మొదట పారిశ్రామిక శిక్షణాలయము, 1951లో ఇంజనీరింగు కళాశాల, 1971లో ఆ కళాశాలయందే నిర్వహణ శాస్త్ర శాఖ ఏర్పడినవి. చేతిపని, సాంకేతిక విద్య, నిర్వహణ విద్య అను మూడు మెట్లు ఒకే ఆవరణలో ఒకదానిపై నొకటి లేచినవి. పై మెట్టు ఎక్కినవారు క్రింది మెట్టును పడగొట్టలేదు.

ఇటీవలి కాలమున ఈ దారి నడచిన తెలుగువారిలో ఇద్దరిని స్మరింతుము. హైదరాబాదున జన్మించిన సత్య నాదెళ్ళ గారు కర్ణాటకములోని మణిపాలులో విద్యుత్ ఇంజనీరింగు చదివి, అమెరికాలో మైక్రోసాఫ్ట్ ఉద్యోగము విడువకయే వారాంతములలో షికాగోకు ప్రయాణము చేయుచు 1997లో ఎం.బి.ఏ. పట్టము పొంది, 2014లో ఆ సంస్థకు ముఖ్య కార్యనిర్వహణాధికారి యైరి. ఉస్మానియాలో ఇంజనీరింగు చదివిన శాంతను నారాయణ్ గారు బర్క్లీలో ఎం.బి.ఏ. ముగించి 2007లో అడోబీ సంస్థకు అట్టి పదవి నందిరి. అందరికి అట్టి పదవులు లభింపవు. ఇంజనీరింగు విద్య వారికి వృథా కాలేదనుట మాత్రము స్పష్టము.

ఇక దరఖాస్తు పెట్టదలచిన యువతీ యువకులకు ఒక మాట. నేడు మేనేజిమెంటు తరగతులలో ఇంజనీర్లు విశేషముగా కలరు. అందుచేతనే కొన్ని సంస్థలు ఇతర శాస్త్రములు చదివినవారికి ఎంపికలో కొంత మొగ్గు చూపుచున్నవి. కాబట్టి ఇంజనీరు పట్టము మాత్రమే ప్రత్యేకత కాజాలదు. "ఇంజనీరింగు చదివి ఇచటికేల వచ్చితివి?" అని ఇంటర్వ్యూలో తప్పక అడుగుదురు. తాను నడపిన యంత్రముల జాబితా దానికి సమాధానము కాదు. ఏ యంత్రము ఆగినప్పుడు ఎంత నష్టము కలిగెను, ఏ నిర్ణయము తాను చేసెను, తోటి పనివారు ఎందుకు వినిరి, ఎందుకు వినరైరి, దానికి కారణము తెలియుటకు తనకే విద్య కొరవడినది అని చెప్పగలిగినవాడు టౌన్ మహాశయుడు వేసిన ప్రశ్ననే తిరిగి వేయుచున్నాడు. క్యాట్ పరీక్షలో గణితము ఇంజనీరుకు సులభముగా తోచినను, ఆంగ్ల పఠనావగాహనము కష్టము కావచ్చును. దానికి నిత్యపఠనమే మందు. ఇంట తెలుగు, వీధిలో కన్నడమో తమిళమో ఒడియాయో మరాఠీయో, కార్యాలయమున ఆంగ్లము మాటలాడు మన బిడ్డలు, ఒకరి మాటను మరియొకరికి బోధపరచు పనిని బాల్యము నుండి చేయుచున్నారు. దానిని దాచవలసిన పని లేదు. నిర్వహణలో అది అక్కరకు వచ్చు గుణము.

జీతమును, అప్పును గూర్చిన భయములను మేము తేలికగా తీసివేయము. దూరపు కొండలు నునుపు. ప్రతి విద్యాలయమును సమానమైన ఫలితము నీయదు. కొన్నిటి పేరు కంటె ఫీజే పెద్దది. అందుచే కుటుంబము కూర్చుండి ఖర్చును, వడ్డీని, జీతము లేని కాలమును లెక్క వేయవలెను. పూర్వవిద్యార్థులను విచారింపవలెను. పని యనుభవము గలవారికి ఏడాదిలో ముగియు పాఠ్యక్రమములు కలవు. 2001లో హైదరాబాదున ఆరంభమైన ఇండియన్ స్కూల్ ఆఫ్ బిజినెస్, 2006 నుండి అహమదాబాదు సంస్థ ఇట్టివి నడుపుచున్నవి. ఉద్యోగము మానకయే చదువు మార్గములును లేకపోలేదు. లెక్క సరిపడనిచో రెండేండ్లు ఆగుటలో అవమానము లేదు. ఆ రెండేండ్ల యనుభవము దరఖాస్తునకు బలమే చేకూర్చును.

కాని లెక్క సరిపడిన యెడల, విద్య వృథా యగునను కారణమున మాత్రము బిడ్డలను ఆపవలదని పెద్దలను ప్రార్థించుచున్నాము. యంత్రము నెరిగినవాడు మనిషిని తెలిసికొనుటకు పోవుచున్నాడు. మన పూర్వులు మగ్గమును, నాగలిని, తక్కెడను వెంటబెట్టుకొని పొరుగు సీమలకు తరలినప్పుడు పాత విద్యను పారవేయలేదు. క్రొత్త ఊరి యవసరమునకు తగినట్లు దానిని పెంచుకొనిరి. నేటి మన బిడ్డలును అట్లే చేయుదురని ఆశింతుము.