పాండవుల గుళ్ళు, గుర్రాల సమాధులు

మా చిత్తూరు సీమలో ఏ పెద్ద బండ కనిపించినా దానికి భీమసేనుడి చెయ్యి తగిలి ఉండాల్సిందే. పాపం, అరణ్యవాసంలో ఆయనకి రాళ్ళు మొయ్యడం తప్ప వేరే పని ఉన్నట్టు లేదు! ఐరాలబండలోనూ, చంద్రగిరి దగ్గర మల్లయ్యగారిపల్లెలోనూ రాతిపలకలు నిలబెట్టి, పైన ఓ బండ కప్పిన చిన్న చిన్న గదులున్నాయి. జనం వాటిని పాండవుల గుళ్ళంటారు. కొన్నిటికి ఒకవైపు పలకలో గుండ్రటి కంత. అందులోంచి దూరి పాండవులు తలదాచుకున్నారట. మిగతా నలుగురి సంగతేమో గాని, భీముడు దూరాడంటే మాత్రం నాకు నమ్మకం కుదరదు.

నిజానికవి సమాధులు. చిత్తూరు ప్రాంతంలోని ఇలాంటి వాటి మీద కెప్టెన్ న్యూబోల్డ్ రాసిన వ్యాసం 1852లోనే లండన్‌లో అచ్చయింది. ఇనుము కొత్తగా వాడుకలోకి వచ్చిన కాలపు మనుషులు, అంటే సుమారు రెండువేల అయిదువందల ఏళ్ళ కిందటి వాళ్ళు, తమ వాళ్ళని దాచుకున్న చోట్లు.

మా సత్యవేడు 1960 దాకా చెంగల్పట్టు జిల్లాలో ఉండేది. తర్వాత చిత్తూరులో కలిసింది, 2022 నుంచి తిరుపతి జిల్లా అయింది. జిల్లా ఎన్నిసార్లు మారినా మాకు మద్రాసే దగ్గర. అక్కడి ఎగ్మోరు మ్యూజియానికి చేరిన పాతకాలపు వస్తువుల్లో కడప జిల్లా శంఖవరంలో దొరికిన మట్టి శవపేటిక ఒకటుంది. పొట్టేలు ఆకారంలో చేసి, కాల్చారు దాన్ని. ఇలాంటి పేటికల్లో చాలాసార్లు పూర్తి శరీరం ఉండదు, ఏరి పేర్చిన ఎముకలే ఉంటాయి. మనవాళ్ళు దహనం తర్వాత అస్థికలు ఏరి కుండలో పెట్టడం లేదూ? పద్ధతి వేరు గాని, వేళ్ళకి తగిలే దుఃఖం ఒకటే.

పొట్టేలంటే గుర్తొచ్చింది. మంగోలియా, ఆల్టాయ్ కొండల వైపు గడ్డిమైదానాల్లో మందలు తోలుకుని తిరిగే జాతులుండేవి. 552లో అక్కడ తురుష్కులు పెద్ద రాజ్యం కట్టారు. వాళ్ళింట చావు జరిగితే ఏం చేసేవారో చీనా చరిత్రకారులు పూసగుచ్చినట్టు రాసిపెట్టారు. శవాన్ని గుడారంలో ఉంచి, బంధువులు గుర్రాలెక్కి ఏడుసార్లు చుట్టూ తిరిగేవారట. గుమ్మం దగ్గరికొచ్చినప్పుడల్లా కత్తితో ముఖం గాటు పెట్టుకుని, నెత్తురూ కన్నీరూ కలిసి కారేలా ఏడ్చేవారట. తరవాత చనిపోయినవాడి గుర్రంతో సహా దహనం. బూడిద పూడ్చడానికి మాత్రం తొందరపడరు. వసంతంలోనో వేసవిలోనో పోతే ఆకులు పండి రాలేదాకా, శరత్తులోనో చలికాలంలోనో పోతే చెట్లు మళ్ళీ చిగిర్చేదాకా ఆగడమే. ఎక్కడెక్కడి గడ్డికో చెదిరిపోయిన చుట్టాలు కూడాలి కదా అని నాకనిపిస్తుంది. మనకి పెద్దకర్మకి పదిరోజులైతే, వాళ్ళకి ఒక రుతువు!

బతికున్నప్పుడు ఎంతమందిని చంపాడో అన్ని రాళ్ళు సమాధి దగ్గర పాతేవారనీ ఆ పుస్తకాలే చెప్తాయి. ఒర్ఖాన్ లోయలో 732 నాటి కుల్ తెగిన్ స్మారకం దగ్గర రాళ్ళ వరస ఈనాటికీ చూడొచ్చు. చూశారూ, మగవాడి గొప్ప లెక్కపెట్టడానికి రాళ్ళు చాలా ఉన్నాయి!

మరి ఆడవాళ్ళ మాటేమిటి? నేను వెతికింది అదే. ఆ మైదానాల నుంచి పడమరకి వెళ్ళి 568లో ఇప్పటి హంగరీ చేరిన అవార్లనే జాతి సమాధులు వేలకొద్దీ తవ్వారు. మగవాళ్ళ పక్కన గుర్రం, రికాబులు, ఆయుధాలు. ఆడవాళ్ళ పక్కన పూసలు, కదురుకి గుచ్చే బిళ్ళ, ఎముకతో చేసిన సూదుల గొట్టం. ఎంత చిన్న వస్తువు! ఆవిడ లేకపోయినా ఆవిడ సూదులు వేరెవరూ వాడకూడదనుకున్నారో, అక్కడా కుట్టుపని తప్పదనుకున్నారో. పేరు రాయని చోట ఆ గొట్టమే ఆవిడ పేరు.

మన దక్కనులోనూ గుర్రాన్ని పాతిపెట్టిన రాతి వలయాలున్నాయి. నాగపూరు దగ్గర మహూర్‌ఝరిలో 1970ల మొదట్లో తవ్వితే గుర్రాలూ, వాటి తలకి పెట్టే రాగి నగలూ బయటపడ్డాయి. అంతమాత్రాన వీళ్ళూ వాళ్ళూ చుట్టాలనేయకూడదు. మధ్యలో వెయ్యేళ్ళకి పైగా ఎడం ఉంది. ఇష్టమైనదాన్ని వదిలి పంపలేకపోవడం ఎక్కడైనా పుట్టగల ఆలోచనే.

నా బాధల్లా ఒకటే. పాండవుల గుళ్ళ కింద లంకెబిందెలున్నాయని రాత్రిళ్ళు తవ్వేవాళ్ళున్నారు. నాలుగు పలకలూ పెకలిస్తే దొరికేది ఎరుపూ నలుపూ కలిసిన కుండపెంకులు, తుప్పుపట్టిన కత్తిముక్క, అదృష్టం బాగుంటే నాలుగు పూసలు. విసుగొచ్చి పారేసిపోతారు. ఏ పెంకు ఏ ఎముక పక్కనుందో ఒక్కసారి చెదిరిందా, ఇక ఎంత పండితుడొచ్చినా ఆ గదిలో తల్లి ఉందో కొడుకున్నాడో చెప్పలేడు. రాళ్ళు పోయినా భీముడి కథ బతుకుతుంది, ఆయనకి భారతముంది. ఆ పూసలు కట్టుకున్నావిడకి ఆ నాలుగు పలకలే దిక్కు.