32 మిల్లీమీటర్ల హిసాబ్

1926 నాటి ఫ్రాంక్‌ఫర్ట్ బావర్చీఖానా కార్ఖానాలోనే తయారై ఇళ్లకు చేరింది. గీసింది మార్గరెటె షుట్టె-లిహోట్స్కీ అనే ఖాతూన్. దాదాపు 10,000 ఇళ్లకు వెళ్లింది. దాన్ని మనమే బిగించుకునే జమానా మాత్రం చిల్లులతో వచ్చింది. యుద్ధం తర్వాత జర్మనీలో చెక్కపొట్టు పలకలకు 5 మిల్లీమీటర్ల చిల్లులు, చిల్లుకూ చిల్లుకూ మధ్య 32 మిల్లీమీటర్లు అనే కాయిదా కుదిరింది. మడతబందులూ సొరుగులూ ఆ కొలతకే. ఉస్తాద్ కంటి అందాజా మిషన్‌లోకి వెళ్లిపోయింది! ఇక మిగిలింది దీవార్. రసమట్టం పెట్టి ఇనుప పట్టీ బిగిస్తే, ఖాళీ అల్మారాలు ఒక్కొక్కటే తగిలించొచ్చు, తలుపులు ఆఖర్న. 2018లో ఐకియా హైదరాబాదొచ్చింది. వంకర గోడ దగ్గర మాత్రం ఇప్పటికీ మిస్త్రీ భాయ్‌నే పిలుస్తున్నాం.